ఊపిరి చాలని వారి పాట

ఆయాసము గలవారు పాడరాదను మాట మన యిండ్లలో చిరకాలముగ నున్నది. పెద్దమ్మగారికి దగ్గు వచ్చుచున్నది, మాటలాడింపకుడు. అత్తగారికి రొప్పు వచ్చును, హారతిపాట కోడలే పాడవలెను. ఇట్లు ప్రేమతోనే మనము వారి నోరు కట్టివేయుదుము. కొన్నాళ్లకు వారు పాట మానుదురు. పేరంటములకు పోవుట మానుదురు. తుదకు మాటయు తగ్గించి యొక మూల కూర్చుందురు. ఇంటివారందఱును అది వార్ధక్యమనుకొందురు. అది వార్ధక్యము కాదు, వ్యాధి. ఆ వ్యాధి గలవారు పాడరాదనుట యటుండగా, పాడుటవలననే కొంత మేలు పొందవచ్చునని కొందఱు వైద్యులు పరీక్షించి చెప్పుచున్నారు. ఆ మేలు ఎట్టిది, ఎంతటిది, ఎంతవఱకు నమ్మదగినది యను సంగతిని సోదరీమణులకు తెలుపుటకై యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఈ వ్యాధికి వైద్యులు పెట్టిన పొడవైన యింగ్లీషు పేరును కుదించి సి.ఓ.పి.డి. యందురు. ఊపిరితిత్తులలోని గాలిగొట్టములు ఏండ్ల తరబడి వాచి, ఇఱుకై, ఎన్ని మందులు వాడినను పూర్తిగ మునుపటి స్థితికి రాకుండుట దీని లక్షణము. ఉబ్బసము దీనికి దాయాదియే గాని యిదియే యది కాదు. ఉబ్బసము తఱచుగ వచ్చి పోవుచుండును. ఇది వచ్చి నిలిచిపోవును. పురుషులకు ఎక్కువగా చుట్ట, బీడి, సిగరెట్టుల వలన వచ్చును. ఉత్తరాంధ్రమున అడ్డపొగ త్రాగు అవ్వల మాట విడిచినచో, మన స్త్రీల సంగతి వేఱు. జన్మలో నొకనాడును చుట్ట ముట్టని యిల్లాలికి సయితము ఇది వచ్చుచున్నది. కారణము వంటయింటి పొగ. పొయ్యిముందు గొంతుకూర్చుండి ఊదుగొట్టముతో నిప్పు రాజేయు స్త్రీ, ఊదుటకై ఊపిరి పీల్చినపుడెల్ల ఆ కట్టెల పొగను, పిడకల పొగనే పీల్చుచుండును. ఇట్లు ఒక దినము కాదు, ఒక యేడు కాదు. 1990లో మన దేశమున 2 కోట్ల 80 లక్షల మందికి ఈ వ్యాధి యుండగా, 2016 నాటికి వారి సంఖ్య 5 కోట్ల 50 లక్షలయినదని అంచనా వేసిరి. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 1999లో దీపము పథకమును, దేశమంతటను 2016లో ఉజ్జ్వల పథకమును గ్యాసుపొయ్యిలను పేదయిండ్లకు తెచ్చినవి. అయినను సిలిండరు ఖరీదునకు వెఱచి స్నానపు నీళ్లకును, ఉలవలు ఉడికించుటకును కట్టెలపొయ్యి రాజేయు యిండ్లు నేటికిని గలవు. పాటను గూర్చి చెప్పబోవుచు పొగను గూర్చి యింత చెప్పుట యెందుకనగా, పొగ మానకుండ పాట పాడుట చిల్లుకుండలో నీరు పోయుట.

ఆయాసము వచ్చినవారు గాలి చాలుట లేదని తల్లడిల్లి గబగబ ఊపిరి పీల్తురు. చుట్టునున్నవారును "గట్టిగా పీల్చుము తల్లీ" యని ప్రోత్సహింతురు. ఇది తప్పు సలహా. ఈ వ్యాధిలో అసలు చిక్కు గాలి లోనికి పోవుటలో కంటె వెలుపలికి వచ్చుటలో నున్నది. ఆరోగ్యముగల తిత్తులు రబ్బరు బుడగవలె సాగి, మరల తమంత తామే ముడుచుకొని గాలిని వెడలగొట్టును. రోగము పట్టిన తిత్తులకు ఆ ముడుచుకొను గుణము సడలిపోవును. సన్నని గొట్టములు ఊపిరి విడుచునపుడే అణగి మూసికొనును. పాతగాలి లోపల చిక్కుకొనిపోవును. దానిపైని క్రొత్తగాలి పీల్చుట నిండుబిందెలో నీరు పోయుటవంటిది. రొమ్మునకును కడుపునకును నడుమ గొడుగువలె నుండు కండరపు పొర యొకటి కలదు, దానిని ఉదరవితానమందురు. ఊపిరి పీల్చుటలో ముఖ్యమైన పని దానిదే. తిత్తులు ఉబ్బి క్రిందికి త్రోయుటచే ఆ గొడుగు చదునై, తన పని తాను చేయజాలకుండును. అప్పుడు మెడలోని కండరములును భుజములును ఆ భారమును పైని వేసికొనును. మెట్లెక్కి వచ్చిన పెద్దలు ద్వారబంధము పట్టుకొని, భుజములు ఎగురవేయుచు, మాట రాక, చేయి యూపుచు నిలిచియుండుట మనమెఱిగినదే. భయము కలిగినకొలది ఊపిరి వేగమగును. వేగమైనకొలది విడుచుటకు వ్యవధి తగ్గును. వ్యవధి తగ్గినకొలది పాతగాలి మఱింత నిలుచును. దానితో భయము మఱింత హెచ్చును. ఈ సుడిగుండమున పడినవారికి తప్ప తక్కినవారికి దాని ఘోరము తెలియదు.

ఈ లోపమును కొలుచు సాధనమునకు స్పైరోమీటరని పేరు. జాన్ హచిన్సన్ అను ఆంగ్ల వైద్యుడు 1846లో దీనిని లోకమునకు తెలిపెను. రోగి నిండుగ పీల్చి, బలముకొలది ఊదవలెను. మొదటి సెకనులో వెడలిన గాలి, మొత్తము వెడలిన గాలిలో నూటికి ఎన్ని పాళ్లో చూతురు. గొట్టములను వెడల్పు చేయు మందు పీల్చిన పిమ్మటను అది 70 పాళ్లకు తక్కువయైనచో వ్యాధి యున్నదని అనుమానింతురు. చాలమంది స్త్రీలు ఈ పరీక్ష చేయించుకొనకయే, పదునైదేండ్లు దగ్గుమందు త్రాగుచు కాలము గడుపుదురు. ఇది విచారింపదగిన విషయము.

ఇక పాట యేమి చేయునో చూతము. పాడునపుడు మనము చటుక్కున కొంత గాలి పీల్చి, దానిని పొదుపుగ, నిదానముగ, పాదము ముగియువఱకు విడుతుము. అనగా పీల్చుట కొంచెము, విడుచుట యెక్కువ. రోగికి కావలసినదియు నిదియే. "మెల్లగ ఊపిరి విడువుము" అని భయపడినవారికి చెప్పినచో వారికి సాధ్యము కాదు. ఊపిరిని తలచినకొలది ఊపిరి బెదరును. ఒక పాట నిచ్చి పాడుడన్నచో, వారి మనస్సు మాటమీదను రాగముమీదను నిలుచును. ఊపిరి తాళమును వెంబడించును. వేడిపాలు ఊదినట్లు పెదవులు సన్నము చేసి ఊపిరి విడువుడని వైద్యులు ఈ రోగులకు నేర్పుదురు. అట్లు విడిచినచో సన్నగొట్టములు వెంటనే మూసికొనక కొంతసేపు తెఱచియుండును. పాటలోని దీర్ఘములు నిలుపుటయు నట్టి యభ్యాసమే యగునని పాట నేర్పువారి యభిప్రాయము. దీనికి తోడు, మంచి గురువు మొదట నేర్పునది కూర్చుండు తీరు. నడుము నిలిపి, భుజములు జార్చి, మెడ బిగింపక పాడవలెను. ఆయాసము గలవారు చేయునది సరిగ దీనికి విరుద్ధము.

గాయకులకును వైద్యులకును స్నేహము క్రొత్తది కాదు. కంఠములోని నాదతంత్రులు పాడునపుడు ఎట్లు కదలునో చిన్న యద్దముతో మొదట తన గొంతులోనే చూచుకొన్నది మాన్యుయెల్ గార్సియా యను సంగీతోపాధ్యాయుడు. అది 1854వ సంవత్సరము. కంఠవైద్యులు ఆ యద్దమును పిమ్మట తమ పనిముట్టుగ జేసికొనిరి.

ఊపిరితిత్తుల వ్యాధులకు పేరుపొందిన రాయల్ బ్రాంప్టన్ ఆస్పత్రి లండను నగరమున నున్నది. అచ్చట 2008 మొదలుగ రోగులకు పాటల తరగతి నడపసాగిరి. వారు గాయకులు కారు. పలువురు చిన్ననాటి బడి తరువాత నోరు తెఱచి పాడినవారును కారు. మొదట మెడ, భుజములు సడలించుకొందురు. పిదప ఊపిరిని గమనించుచు చిన్న చిన్న ధ్వనులు పలుకుదురు. ఆ తరువాతనే పాట. ఇది వట్టి వినోదమా, నిజముగ మేలు చేయుచున్నదా యని తెలిసికొనుటకై ఆ ఆస్పత్రి వైద్యులే పరీక్షకు దిగిరి. 2010లో వారు ప్రకటించిన పరీక్షలో 15 మంది రోగులు వారమునకు రెండుసారులు చొప్పున 6 వారములు పాడిరి. 13 మంది పాడక యెప్పటి చికిత్సతోనే యుండిరి. పాడినవారికి దేహము కొంత స్వాధీనమయినట్లు తోచెను, ఆందోళనయు తగ్గెను. కాని ఊపిరి బిగపట్టగల కాలము పెరుగలేదు. ఒక్క ఊపిరిలో లెక్కింపగల అంకెలు పెరుగలేదు. నడువగల దూరమును పెరుగలేదు. ఈ వైద్యులు తమకు ప్రియమైన ఫలితముతోబాటు ప్రియము కాని ఫలితమునుగూడ దాచక ప్రకటించుట మాకు మిక్కిలి నచ్చినది. మన పత్రికలలోని మందుల ప్రకటనలు చదివిన కంటికి ఇట్టి నిజాయితీ అరుదు.

అంతటితో వారు తృప్తి చెందలేదు. నలుగురును ఒకచోట కూడి నవ్వుకొనుటవలననే యీ మేలు కలిగినదేమో, పాటకు ఘనత యేల యని యొక సందేహము. సందేహము న్యాయమైనదే. కావున రెండవ పరీక్షలో 8 వారములు కొందఱిచేత పాడించిరి. తక్కినవారిని కూర్చి చలనచిత్రములు చూపి, వానిని గూర్చి ముచ్చటింపజేసిరి. 2012లో వెల్లడియైన ఫలితములలో, ఇరువురును సంతోషించిరి గాని, దేహస్థితి మెఱుగయినదని చెప్పినవారు పాడినవారే. బ్రెజిలు దేశమున 2009లో వెల్లడియైన పరీక్ష మన స్త్రీలకు మఱింత రుచించును. అచ్చట 43 మంది రోగులను తీసికొని, కొందఱిని పాటకును, కొందఱిని చేతిపనులకును వారమున కొక గంట చొప్పున 24 వారములు కూర్చుండబెట్టిరి. జీవితము హాయిగ నున్నదని రెండు వర్గములవారును చెప్పిరి. ఊపిరిని వెలుపలికి నెట్టు కండరబలమున మాత్రము పాడినవారు కొంచెము మెఱుగుగ నుండిరి.

ఇవన్నియు కొద్దిమందితో జరిగినవి. 2017లో అంతవఱకు జరిగిన పరీక్షలను ఒకచోట చేర్చి తూచిన పండితులకు మూడు పరీక్షలు, 112 మంది రోగులు మాత్రమే దొరకిరి. పాటవలన హాని కానరాలేదనియు, మేలు కలదని గట్టిగ చెప్పుటకు సాక్ష్యము చాలదనియు వారు తీర్పు చెప్పిరి. ఆ తరువాత డెన్మార్కు దేశస్థులు 270 మంది రోగులను తీసికొని, కొందఱిచేత 10 వారములు వ్యాయామమును, కొందఱిచేత పాటను అభ్యసింపజేసిరి. 6 నిమిషములలో ఎంతదూరము నడువగలరను కొలతలో రెండు వర్గములును ఇంచుమించు సమానముగ పెరిగెనని 2022లో ప్రకటించిరి. ఆ పెరుగుట 12, 13 మీటర్ల ప్రాంతముననే యుండెను గనుక దానినిజూచి పొంగిపోరాదు. మా మట్టుకు తోచిన దేమనగా, పాట చెడిన తిత్తిని బాగుచేయదు. స్పైరోమీటరులో అంకె పెంచునని యెవరును ఆశింపరాదు. ఉన్న యూపిరిని భయపడక వాడుకొనుట నేర్పును. పడకనుండి పెరటివఱకు పోవుటకే జంకువారికి అది చిన్న లాభము కాదు.

ఇంకొక ముచ్చట. 2020లో కరోనా జ్వరము తగ్గినను ఆయాసము తగ్గనివారికై లండనులోని ఇంగ్లీషు నేషనల్ ఆపెరా యను గాయకసంస్థ ఇంపీరియల్ కళాశాలవారితో కూడి యొక పాఠక్రమము నేర్పరచినది. గొప్ప నాటకశాలలలో పాడువారు ఆ రోగులకు నేర్పుటకై యెన్నుకొన్న పాటలు ఏవో యెఱుగుదురా? జోలపాటలు! నిదానము, మెత్తదనము, చిన్నపాదములు, మరల మరల వచ్చు పల్లవి, ఇవియన్నియు ఊపిరి బెదరినవారికి అనుకూలమని వారు గ్రహించిరి. 150 మందితో చేసిన పరీక్షలో మనస్సునకు నెమ్మది కలిగినదని 2022లో తెలిసినది.

జోలపాటలకు మనము సీమకు పోనక్కఱలేదు. లాలిపాట, మేలుకొలుపు, మంగళహారతి, సువ్విపాట, తెలంగాణపు బతుకమ్మపాట, ఇవి సంగీతము నేర్వని స్త్రీలు పాడుకొనుటకై పుట్టినవి. వాని కట్టడి చూడుడు. పాదము కుఱచ. ఒక్కరు పాదము నెత్తుకొందురు; తక్కినవారు పల్లవిమాట నందుకొందురు. అందఱు అందుకొనునంతలో ఎత్తుకొన్నయామెకు ఊపిరి తిరుగును. ఆమె పాడునంతలో అందఱికిని విశ్రాంతి. రోకటిపోటు వేయుచు పాడవలసినవారు, బతుకమ్మ చుట్టును తిరుగుచు పాడవలసినవారు, ఊపిరికి చోటు విడిచియే పాట కట్టుకొనిరి. ఈ పాటలను రోగులపై నెవరును పరీక్షించినట్లు మేము చెప్పుట లేదు. లండనువారు వెదకికొన్న గుణములు మన పాత పాటలలో నున్నవని మాత్రము చెప్పుచున్నాము. సంగతులును గమకములును నిండిన పెద్దకీర్తనలు ఇందులకు పనికిరావు. అవి విని యానందించుటకు.

ఇంటిలో నొక పెద్దామెచేత పాడింపదలచినవారు ముందుగ వైద్యుని యనుమతి పొందవలెను. పీల్చుమందు నిచ్చియున్నచో దానిని క్రమముగ వాడుచుండవలెను. ఇన్‌హేలరు అలవాటైపోవును, తుదిమందు అది, యని చెప్పు అమ్మలక్కల మాట వినరాదు. పాట ఆ మందునకు తోడేగాని బదులు కాదు. భోజనమైన వెంటనే గాక, కడుపు తేలికగ నున్నపుడు, పొగయు సాంబ్రాణియు అగరువత్తులును లేని గాలిచోటున, పీటమీద గాక వెనుక ఆనుకొన వీలగు కుర్చీలో కూర్చుండబెట్టుడు. పాదములు నేలకు ఆనవలెను. మొదట పాటయే వద్దు. నోరు మూసి సన్నగ "మ్‌" అని నాలుగైదుసారులు ధ్వనింపజేయుడు. ఆమె గొంతునకు హాయియైన శ్రుతియే శ్రుతి. హార్మోనియము శ్రుతికి ఆమెను లాగరాదు. పాదము మధ్యలో ఊపిరి కావలసినచో మధ్యలోనే తీసికొననిండు. మాట విఱిగినను దేవుడు కోపగింపడు. చివరి బొట్టువఱకు ఊపిరిని పిండి పాడవలెనని పంతము పట్టరాదు. అట్లు చేసినచో దగ్గుతెర వచ్చును. మొదటి దినము 5 నిమిషములు చాలును. తల తిరిగినను, రొమ్ము బిగిసినను వెంటనే ఆపవలెను. అన్నిటికంటె ముఖ్యముగ ఇంటిపిల్లలు నవ్వకుండ చూడవలెను. ఏండ్లతరబడి మూగవోయిన గొంతు మొదట బొంగురుగనే పలుకును.

నవ్వు మాట వచ్చినది గనుక సిగ్గు మాటయు చెప్పవలెను. ఈ వ్యాధి స్త్రీని ఇంటిలో బంధించుట ఆయాసముచేత మాత్రమే కాదు. పదిమందిలో దగ్గు వచ్చి కళ్లె ఉమియవలసివచ్చునేమో యను సంకోచమొకటి. క్షయ యనుకొని జనులు దూరముగ జరుగుదురేమో యను బాధ యొకటి. గట్టిగ దగ్గినపుడు మూత్రము జాఱుట యొకటి. ఇది చాలమంది తల్లులకు గలదు, ఎవరును కూతురితోనైన చెప్పుకొనరు. దీనికి కటికండరముల వ్యాయామము మొదలగు చికిత్స యున్నది. వైద్యురాలితో చెప్పుటకు సిగ్గుపడనక్కఱలేదు. బ్రాంప్టన్ ఆస్పత్రివంటి తరగతులలో ఒక సౌకర్యము గలదు: అందఱును దగ్గువారే. ఒకరు దగ్గినచో తక్కినవారు ఆగుదురు, ఎవరును తిరిగి చూడరు. మన పట్టణములలోని మహిళా సమాజములవారు, భజనమండలులవారు వారమున కొక సాయంకాలము ఇట్టివారికై విడిగ నుంచినచో ఖర్చు చాపలు పఱచుటకంటె మించదు. పాట వచ్చిన యామె యొకరును, ఆయాసమును గూర్చి తెలిసిన నర్సు గాని వ్యాయామచికిత్స తెలిసినవారు గాని యొకరును ఉండిన చాలును.

అయితే కూడి పాడుటలో నొక యపాయము కలదు. దానిని చెప్పక విడుచుట ద్రోహము. నోటి తుంపరలు మాటలో కంటె పాటలో నెక్కువగ వెడలును. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రమున 2020 మార్చి 10వ తేదీని 61 మంది యొక గదిలో కూడి పాటల అభ్యాసము చేసిరి. ఒకరికి కరోనా జలుబుండెను. వారిలో 53 మంది జబ్బుపడిరి, ఇద్దఱు మరణించిరి. కావున జలుబు, జ్వరము గలవారు ఆనాడు రాగూడదు. కిటికీలు తెఱచి, ఎడముగ కూర్చుండవలెను. వరండా యైనచో మఱియు మంచిది. దగ్గు రెండు వారములు దాటినయెడల కళ్లె పరీక్ష చేయించి క్షయ లేదని తెలిసికొనువఱకు ఎవరినిగాని సమూహమున పాడనీయరాదు. కళ్లెలో రక్తము కనబడినను, పెదవులు నీలి వన్నె తిరిగినను, కాళ్లు వాచినను, ఆయాసము ఎన్నడులేనంత హెచ్చినను, అది పాటకు సమయము కాదు. ఆస్పత్రికి పోవలసిన సమయము.

మొదటి వారముననే గుణము వెదకువారికి నిరాశ కలుగును. పైని చెప్పిన పరీక్షలలో మిక్కిలి చిన్నదియు 6 వారములు జరిగినది. గడియారము చేతబట్టి "ఎంతసేపు నిలిపితివి" అని పెద్దామెను పరీక్షించుటకంటె, ఆమె తులసికోటవఱకు పోయి వచ్చుటలో ఎన్నిసారులు ఆగుచున్నదో, రాత్రి ఎన్ని తలగడలపై ఆనుకొని నిద్రించుచున్నదో వారమున కొకసారి ఒక కాగితముపై వ్రాసియుంచి, వైద్యుని యొద్దకు పోవునపుడు దానిని వెంట గొనిపోవలెను.